అడుగుకు ముందు గీత

గుంటూరు బ్రాడీపేటలో ఇంటి చిరునామాకు రెండు అంకెలు చాలు. లైను ఒకటి, అడ్డరోడ్డు ఒకటి. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని చెబితే ఊరికి కొత్తవారైనా లెక్కపెట్టుకుంటూ వచ్చి తలుపు తడతారు. పక్కనున్న అరండల్‌పేటా ఇంతే. నిలువు వీధులు, వాటిని కోస్తూ అడ్డవీధులు. ఒక వీధిలో పెళ్లిపందిరి వేసి దారి మూసినా పక్క వీధి తెరిచే ఉంటుంది. మందుల దుకాణం, కూరగాయల బండి, టిఫిన్ హోటలు, గుడి అన్నీ కూతవేటు దూరంలో దొరుకుతాయి. ఇక్కడ డెబ్బై దాటినవారు సాయంత్రం వీధిలోకి వచ్చేది వ్యాయామం కోసం కాదు. కొత్తిమీర కట్ట కోసమో, పొరుగువారితో రెండు మాటల కోసమో వస్తారు. వ్యాయామం దానంతట అదే జరిగిపోతుంది.

మా అమ్మ ఉండేది విజయవాడ శివారులో, ఇరవై ఏళ్ల కిందట వేసిన ఒక లేఅవుట్‌లో. ఆ కాలనీ వీధులు పక్క కాలనీ వీధులతో కలవవు. రెండింటి మధ్య గోడ ఉంది. గోడకు అవతల ఉన్న పాల దుకాణానికి వెళ్లాలంటే పెద్ద రోడ్డెక్కి చుట్టు తిరిగి రావాలి. ఆ పెద్ద రోడ్డుకు కాలిబాట లేదు. లారీలకూ మురుగు కాలువకూ మధ్య మిగిలిన మూరెడు మట్టి మీద నడవాలి. రోజూ ముప్పావు గంట నడవమని డాక్టరు చీటీ మీద రాసి, కింద గీత కూడా గీశారు. "రాశారు సరే, ఎక్కడ నడవను?" అని అమ్మ అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను చట్టాల దాకా వెళ్లాను. బ్రాడీపేటకూ అమ్మ కాలనీకీ ఉన్న తేడా మనుషుల పట్టుదలలో లేదు. నేల మీద ఎవరో ఎప్పుడో గీసిన గీతల్లో ఉంది. ఆ గీతలు గీసే అధికారం ప్రభుత్వానిది. అది ఎక్కడినుంచి వచ్చింది, ఎంత దూరం వెళుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది చాలా చేతులు మారిన చిక్కుముడి. దాన్ని ఒక కొసనుంచి విప్పుకుంటూ వద్దాం.

ప్లేగు నేర్పిన చట్టం

పట్టణాల్లో నేల వాడకాన్ని చట్టంతో అదుపు చేయాలన్న ఆలోచనకు రోగభయం పెద్ద ఊతమిచ్చింది. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగింది. ఇరుకు సందులు, గాలీ వెలుతురూ సోకని గదులే జబ్బుకు పుట్టిళ్లని అప్పటి అధికారులు భావించారు. 1898లో నగరాభివృద్ధి కోసం ఒక ట్రస్టు ఏర్పడి, పాత పేటలను తెరిచి వెడల్పైన వీధులు వేసే పనికి పూనుకుంది. ఆ పనిలో పేదల ఇళ్లు కూలిన సంగతినీ మరవకూడదు. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. అప్పటికి బెజవాడ, గుంటూరు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. అదే చట్టం తర్వాత ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రణాళిక చట్టంగా కొనసాగింది.

అమెరికాలోనూ దారి ఇదే. ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ అనే చిన్న ఊరు ఏ వీధిలో ఇళ్లు ఉండాలో, ఏ వీధిలో ఫ్యాక్టరీలు ఉండాలో నిర్ణయిస్తే అక్కడ నేల ఉన్న ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ కోర్టుకెక్కింది. ప్రజల ఆరోగ్యం, భద్రత, సంక్షేమం కోసం ఊరికి ఆ అధికారం ఉందని 1926లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

ఇప్పటి జబ్బు వేరు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని లెక్కగట్టింది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, 2022 నాటికి మన దేశంలో పెద్దవారిలో 49.4 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. 2000లో ఆ సంఖ్య 22.3 శాతం. మగవారిలో 42 శాతమైతే ఆడవారిలో 57 శాతం. చాలినంత అంటే కొండలెక్కడం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి చెప్పే కనీస కొలత వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, అంటే రోజుకు ఇరవై రెండు నిమిషాలు కూడా కాని చురుకైన నడక.

ఇరవై రెండేళ్లలో సగం దేశం సోమరులైపోయిందంటే నేను నమ్మను. మనుషులు అలా మూకుమ్మడిగా మారరు. వారి చుట్టూ ఉన్న నేల మారింది. గాలి కోసం, వెలుతురు కోసం వీధిని వెడల్పు చేయగల చట్టం కాళ్ల కోసం వీధిని సరిచేయలేకపోవడానికి కారణం అధికారం లేకపోవడం కాదు.

నేల ఎవరిది, వాడకం ఎవరిది

ముందుగా ఒక తేడా పట్టుకోవాలి. ఈ నేల ఎవరిది అన్నది ఒక ప్రశ్న. ఈ నేలను దేనికి వాడవచ్చు అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి పట్టాదారు పాసుపుస్తకమో రిజిస్టర్డ్ దస్తావేజో జవాబు చెబుతుంది. రెండోదానికి జవాబు మాస్టర్ ప్లాన్‌లో ఉంటుంది. మీ పేరున ఉన్న అర ఎకరంలో మీరు రసాయనాల గోదాము కట్టలేరు, ఆ చోటు ప్లాన్‌లో నివాస ప్రాంతమై ఉంటే. ఇలా వాడకాన్ని కట్టడి చేసినంత మాత్రాన ప్రభుత్వం మీకు పరిహారం ఇవ్వనక్కర లేదు. నేలనే తీసుకుంటే మాత్రం ఇవ్వాలి. రాజ్యాంగంలోని 300ఎ అధికరణం ప్రకారం చట్టం చూపిన దారిలో తప్ప ఎవరి ఆస్తినీ లాక్కోకూడదు. కట్టడి ఎక్కడ ముగుస్తుంది, లాక్కోవడం ఎక్కడ మొదలవుతుంది అన్న దగ్గరే సగం వ్యాజ్యాలు పుడతాయి.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు భూమినీ, స్థానిక పాలననూ, ప్రజారోగ్యాన్నీ మూడింటినీ రాష్ట్ర జాబితాలో పెట్టింది. కాబట్టి ఢిల్లీ నిధులు పంపగలదు, మార్గదర్శకాలు పంపగలదు. గుంటూరులో వీధి ఎటు సాగాలో గీయలేదు. ఆ పని రాష్ట్రానిది. 1992లో చేసిన 74వ సవరణ మరో మెట్టు దిగి పన్నెండో షెడ్యూలును చేర్చింది. పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 పనుల పట్టిక అది. అందులో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూవినియోగ నియంత్రణ, ఆరోది ప్రజారోగ్యం, పన్నెండోది పార్కులు, తోటలు, ఆటస్థలాలు. పట్టిక చూస్తే మనసు నిండుతుంది. కానీ ఈ పనులను రాష్ట్ర శాసనసభలు చట్టం చేసి అప్పగించవచ్చు అని మాత్రమే 243డబ్ల్యూ అధికరణం అంటుంది. అప్పగించి తీరాలని అనదు.

ఆ 'వచ్చు' అన్న మాట వల్ల ఏం జరిగిందో విజయవాడలోనే చూడవచ్చు. ఈ ఊరికి పురపాలక సంఘం 1888 నుంచి ఉంది. 1981లో అది నగరపాలక సంస్థ అయింది. గుంటూరు పురపాలక సంఘం ఇంకా పాతది, 1866 నాటిది. అక్కడ నగరపాలక సంస్థ 1994లో వచ్చింది. అయినా 1978లో విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడ్డాక పెద్ద ప్రణాళిక గీసే పని అటు వెళ్లింది. మనం వీజీటీఎం ఉడా అని పిలుచుకున్నది దాన్నే. 2014 డిసెంబరులో దాని స్థానంలోకి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, అంటే సీఆర్‌డీఏ వచ్చింది. మనం ఓటు వేసి గెలిపించుకునే కార్పొరేటర్ చేతికి వచ్చేసరికి చాలా గీతలు అప్పటికే గీసి ఉంటాయి. ఆయనకు మిగిలేది వీధి దీపాలు, చెత్త, మురుగు కాలువ.

సీఆర్‌డీఏ పేరు వచ్చింది కాబట్టి అమరావతి మాట కూడా చెప్పుకోవాలి. అక్కడ 30 వేలకు పైగా ఎకరాలు భూసమీకరణ పద్ధతిలో వచ్చాయి. రైతు తన పొలం ఇచ్చి, అభివృద్ధి చేసిన ప్లాటు తిరిగి పొందుతాడు. రోడ్లకూ పార్కులకూ కావలసిన నేల ఆ ఉమ్మడి రాశిలోంచే వస్తుంది. ఇది కట్టడీ కాదు, కొనుగోలూ కాదు, మూడో దారి. కొత్త ఊరికి ఇది పనికి వస్తుంది. ఇళ్లు కిక్కిరిసిన విజయవాడ కృష్ణలంకకో పాత గుంటూరుకో పనికి రాదు. అక్కడ ఉన్న నేలలోనే చోటు వెతకాలి.

పది శాతం కథ

ఇక మా అమ్మ కాలనీ వంటి చోట్లకు వద్దాం. నడకకు సంబంధించినంత వరకు అన్నిటికంటే బలమైన నిబంధన లేఅవుట్ నిబంధనల్లో ఉంది. మన రాష్ట్రంలో 2017 నాటి నిబంధనల ప్రకారం లేఅవుట్ వేసేవారు మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి. దాన్నీ, రోడ్లనూ గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగించాలి. అయిదెకరాల లేఅవుట్ అనుకోండి. ఎకరానికి 4,840 చదరపు గజాల లెక్కన మొత్తం 24,200 గజాలు. అందులో పది శాతం 2,420 గజాలు, అంటే అర ఎకరం. వందమంది పిల్లలు ఆడుకోవడానికీ, చుట్టూ పెద్దలు నడవడానికీ అది చాలు. ప్రభుత్వం రూపాయి ఖర్చు పెట్టలేదు, ఎవరి నేలా లాక్కోలేదు. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే అధికారాన్ని మాత్రమే వాడింది. చట్టంలో ఇంత చవకైన, ఇంత న్యాయమైన పనిముట్టు మరొకటి లేదని నా నమ్మకం.

మరి ఆ పార్కులన్నీ ఏవి? కొన్ని నిజంగానే ఉన్నాయి, వాటిలో ఉయ్యాలలూ ఉన్నాయి. చాలా చోట్ల ఆ పది శాతం ఎందుకూ కొరగాని మూల మీద పడుతుంది. ముక్కోణపు ముక్క, హైటెన్షన్ తీగల కింది పట్టీ, వానాకాలంలో నీరు నిలిచే గుంట. ఎంత వదలాలో చెప్పే లెక్క ఉన్నంత గట్టిగా, ఎలాంటి చోట వదలాలో అడిగేవారు లేరు. పైగా గిఫ్ట్ డీడ్ రిజిస్టరు అయ్యాక ఆ స్థలాన్ని కాపాడాల్సిన స్థానిక సంస్థ కంచె వేయడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా ఎవరో ఇటుకలు దింపుతారు, ఎవరో రేకుల షెడ్డు వేస్తారు, మరెవరో ఆ షెడ్డుకు ఇంటి నంబరు తెచ్చుకుంటారు.

అనుమతి లేని లేఅవుట్ల సంగతి ఇంకా బాధ పెడుతుంది. వాటిలో పార్కు వదలరు. తర్వాత ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకం తెస్తుంది. ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో కొంత శాతం రుసుముగా కట్టించుకుని సక్రమం చేస్తుంది. ప్లాటు కొన్న మధ్యతరగతివారిని నేను తప్పు పట్టను. అప్పు చేసి కొన్న నూట యాభై గజాలను చట్టబద్ధం చేసుకోక వారికి గత్యంతరం లేదు. కానీ ఆ సొమ్ముతో ఆ కాలనీ నడిమధ్యన అర ఎకరం ఎక్కడ కొంటారు? ఆటస్థలం ఒకసారి డబ్బుగా మారాక మళ్లీ ఆటస్థలంగా మారిన దాఖలా నా కంటికి కనిపించలేదు.

పోరంబోకు అన్న మాటకు మన వాడుకలో పట్టిన గతి కూడా ఇక్కడ గుర్తుకొస్తుంది. రెవెన్యూ దస్త్రాల్లో అది శిస్తు లెక్కకు వెలుపల ఉండే ఉమ్మడి నేల. చెరువు, వాగు, బాట, పశువుల మేత బీడు. జనం నోట మాత్రం అది పనీపాటా లేనివాణ్ని తిట్టే తిట్టయింది. నేలను కూడా అలాగే చూశాం. వాగు పోరంబోకు ఎవరిదీ కాదనుకుని ఎవరికి వారు సర్దుకున్నారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వీధుల్లోకి వచ్చినప్పుడు, అది ఖాళీగా ఉండవలసిన నేల ఎందుకో ఊరంతటికీ తెలిసింది. వరద వచ్చిన పది రోజులు నీటికీ, మిగిలిన ఏడాదంతా మనుషుల నడకకూ ఆటకూ ఒకే నేల ఉపయోగపడుతుంది.

ప్లాన్‌లో పార్కు, పట్టాలో యజమాని

ప్రణాళికలో ఆకుపచ్చ రంగు వేసిన చోటును ప్రభుత్వమే తర్వాత వేరే పనికి ఇవ్వవచ్చా? బెంగళూరులో ఒక పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు కేటాయిస్తే కాలనీవాసులు కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు వారి పక్షాన నిలిచింది. పార్కు ఉమ్మడి ప్రయోజనం కోసం ఉంచినది, ఆసుపత్రి ఎంత మంచిదైనా దాన్ని అలా అప్పగించే వీలు లేదని చెప్పింది. లక్నోలో పార్కు కింద భూగర్భ దుకాణాల సముదాయం కడితే 1999లో దాన్ని తొలగించి పార్కును మళ్లీ పార్కుగా చేయమని ఆదేశించింది.

మన ప్రాంతం నుంచీ ఒక వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రణాళికలో వినోద, విహార అవసరాలకు గుర్తించిన చోట ఆలయ నిర్మాణానికి వీజీటీఎం ఉడా అనుమతి ఇచ్చింది. ప్రణాళికను చట్టప్రకారం మార్చకుండా అలాంటి అనుమతి ఇవ్వడం చెల్లదని 2011లో కోర్టు తీర్పునిచ్చింది. ఇందులో దైవానికి వ్యతిరేకమైనది ఏమీ లేదు. అనుమతి ఇచ్చే సంస్థ కూడా తాను గీసిన గీతకు కట్టుబడి ఉండాలని మాత్రమే దాని అర్థం. ఊళ్లో ఖాళీ స్థలం కనబడితే ఏదో ఒక మంచి పని పేరుతోనే అది పోతుంది. సామాజిక భవనం, నీళ్ల ట్యాంకు, గుడి, సచివాలయం. ఏదీ కాదనలేనిది. అందుకే ఈ తీర్పుల విలువ తెలుసుకోవాలి.

అయితే నాణేనికి మరో వైపు ఉంది. అదీ న్యాయమైనదే. పుణె నుంచి వచ్చిన ఒక కేసులో 2005లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ప్రైవేటు వ్యక్తి నేలను ప్లాన్‌లో పార్కుగా చూపవచ్చు, కానీ ఆ నేలను సేకరించి పరిహారం ఇచ్చేదాకా అతణ్ని దాని వాడకానికి దూరం చేయకూడదని. ఒక చిన్న రైతు పొలం మీద ఆకుపచ్చ రంగు పూసి, ఇరవై ఏళ్లు కొనకుండా, అమ్ముకోనివ్వకుండా ఉంచితే అది పార్కు అవదు, ఆ కుటుంబానికి ఉరి అవుతుంది. మహారాష్ట్ర చట్టంలో పదేళ్లలో సేకరణ మొదలు కాకపోతే యజమాని నోటీసు ఇచ్చి ఆ కేటాయింపును రద్దు చేయించుకునే వీలుంది. కొనడానికి సొమ్ము లేని సంస్థలు మన దగ్గర టీడీఆర్ బాండ్ల దారి పట్టాయి. రోడ్డు విస్తరణకో పార్కుకో నేల ఇచ్చినవారికి డబ్బుకు బదులు, వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు పత్రం రూపంలో వస్తుంది. దాన్ని అమ్ముకోవచ్చు. ఆలోచన మంచిదే. నేల విలువ కట్టే చోట నిజాయితీ లేకపోతే మాత్రం బాండు అచ్చువేసిన కాగితంగానే మిగులుతుంది.

ఆరడుగుల హక్కు

పార్కు కంటే వీధి ముఖ్యం. పార్కుకు మనిషి పనిగట్టుకుని వెళ్లాలి. వీధిలో ఎలాగూ నడుస్తాడు. కాలిబాట ఎలా ఉండాలో, రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో స్పష్టంగా చెప్పింది. అడ్డు లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరడుగులు. ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు, అంటే ఆరంగుళాలు. మోకాలి నొప్పి ఉన్న మనిషి ఎక్కి దిగగలిగే ఎత్తు అది. టేపు తీసుకుని మీ ఊళ్లో కొలిచి చూడండి. అడుగున్నర ఎత్తు అరుగులా కట్టి, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ నిలబెట్టిన కాలిబాటను దాటి జనం రోడ్డు మీద నడుస్తున్నారంటే ఆ తప్పు నడిచేవారిది కాదు.

ఈ కొలతలు మార్గదర్శకాలే. రాష్ట్రం తన నిబంధనల్లోకి తెచ్చుకుంటేనే వాటికి పట్టు వస్తుంది. ఇక్కడే 2025 మే 14న సుప్రీంకోర్టు చెప్పిన మాటకు బరువుంది. అడ్డంకులు లేని, దివ్యాంగులు కూడా వాడగల కాలిబాట 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని న్యాయమూర్తులు అభయ్ ఎస్. ఓకా, ఉజ్జల్ భుయాన్ ధర్మాసనం ప్రకటించి, రాష్ట్రాలను మార్గదర్శకాలు తేవాలని ఆదేశించింది. అంతకుముందు, 2019 సవరణతోనే మోటారు వాహనాల చట్టం పాదచారుల కోసం నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. వీధిలో అడ్డంకులు తొలగించే అధికారం నగరపాలక చట్టంలో ఎప్పటినుంచో ఉంది.

అడ్డంకి అనగానే అందరి వేళ్లూ తోపుడు బళ్ల మీదికి పోతాయి. నేను ఒప్పుకోను. విజయవాడ బీసెంట్ రోడ్డులో సాయంత్రం నడిచి చూడండి. అక్కడ జనాన్ని నడిపిస్తున్నది ఆ బళ్లే. వీధిలో వెలుగు, మనుషుల సందడి ఉన్నచోటే ఆడపిల్లలు చీకటి పడ్డాక ధైర్యంగా నడుస్తారు. 2014 వీధి విక్రయదారుల చట్టం ప్రకారం ముందు సర్వే చేయాలి, పట్టణ విక్రయ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది విక్రయదారులే ఉండాలి, ఎక్కడ అమ్మవచ్చో ఎక్కడ కూడదో గుర్తించాలి. కాలిబాటలు నడిచేవారివని 1985 నాటి బొంబాయి పేవ్‌మెంట్ వాసుల కేసులో చెప్పిన సుప్రీంకోర్టే, బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని అదే తీర్పులో చెప్పింది. బండి కంటే పెద్ద అడ్డంకి నిలిపి ఉంచిన కారు. దానికంటే పెద్దది ప్రతి గేటు ముందూ రోడ్డు మీదికి చొచ్చుకొచ్చే ర్యాంపు. నా ఇంటి ముందు కూడా ఒకటి ఉండేది. ఈ వ్యాసానికి కావలసినవి చదివాక దాన్ని వెనక్కి కొట్టించాను.

అడ్డంకి తొలగించమని ఎవరినడగాలి? బెంజి సర్కిల్ దగ్గర 16వ, 65వ జాతీయ రహదారులు కలుస్తాయి. అక్కడ జాతీయ రహదారుల సంస్థ మాట చెల్లుతుంది. లోపలి వీధి నగరపాలక సంస్థది. మధ్యలో కొన్ని రోడ్లు రాష్ట్ర రోడ్లు భవనాల శాఖవి. ఏలూరు, బందరు, రైవస్ కాలువలు ఊరి నడుమ నుంచి సాగిపోతాయి. నీడ, నీరు, చల్లగాలి ఉన్న వాటి గట్ల కంటే మంచి నడకదారి ఏ ఊరికి ఉంటుంది? గట్లు జలవనరుల శాఖవి. వాటి మీద బతుకుతున్న పేదలకు వేరే చోటు చూపనిదే అక్కడ బాట వేయడం అన్యాయం. ఆ చోటు చూపాల్సింది మరో శాఖ. నేను చూసిన దస్త్రాల్లో ఒక కాలిబాట ముక్క కోసం మూడు కార్యాలయాలు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నాయి. ఎవరూ కాదనలేదు, ఎవరూ కట్టలేదు. చెన్నై నగరపాలక సంస్థ 2014లో నడక, సైకిల్ కోసం ఒక విధానం చేసుకుని, తన రవాణా ఖర్చులో కనీసం 60 శాతం వాటికే అని రాసుకుంది. అలా రాసుకోవడానికి కొత్త చట్టమేదీ అవసరం కాలేదు.

పదహారేళ్ల కాళ్లు

ఒక్క విషయం దగ్గర నాకు కోపం ఆగదు. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలు ప్రకారం బడికి ఆటస్థలం ఉండాలి. ఆ చట్టం వర్తించేది 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు. మన రెండు ఊళ్లకూ రాష్ట్రం నలుమూలల నుంచి ఇంటర్ చదవడానికి వచ్చే పిల్లల వయసు పదహారు, పదిహేడు. అపార్టుమెంటు లాంటి భవనంలో కింద తరగతులు, పైన హాస్టలు. తెల్లవారుజామున కూర్చున్నవారు రాత్రికి లేస్తారు. కిటికీలోంచి కనిపించే ఖాళీ చోటు కూడా పార్కింగే. ఎముక గట్టిపడే వయసులో వారికి రోజుకు గంట శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పెద్ద స్థలంలో కట్టే భవనాలకు పచ్చదనం కోసం, పిల్లల ఆట కోసం కొంత భాగం వదలాలన్న నిబంధన ఉంది. అది ఇళ్ల సముదాయాలకు ఎంత అవసరమో, వందల మంది పిల్లలుండే హాస్టలుకు అంతకు పదింతలు అవసరం. భవనానికి అనుమతి, అది నివాసయోగ్యమన్న పత్రం, ఏటా పన్ను, ఇన్ని మెట్ల దగ్గర ప్రభుత్వం చేతిలో తాళం ఉంది. పక్కనే సాయంత్రం ఖాళీగా పడి ఉండే ప్రభుత్వ పాఠశాల మైదానాన్ని ఒప్పందంతో తెరవడానికీ ఎవరూ అడ్డు లేరు.

గీత మారే ముందు

గీతలు గీసేటప్పుడే మన మాట వినబడే చోట్లు చట్టంలో ఉన్నాయి. మాస్టర్ ప్లాన్ ముసాయిదాను ప్రచురించి అభ్యంతరాలు, సూచనలు అడగకుండా ఖరారు చేయకూడదు. ఫలానా సర్వే నంబరు, ఇన్ని ఎకరాల ఇన్ని సెంట్లు, వినోద ప్రాంతం నుంచి నివాస ప్రాంతంగా మార్చదలచామని పత్రికల లోపలి పేజీల్లో చిన్న అక్షరాల ప్రకటనలు వస్తుంటాయి. వాటిని చదివేది ఎక్కువగా భూమి వ్యాపారంలో ఉన్నవారే. ఆ గడువులోగా కాలనీ సంఘం రాసిన ఒక్క ఉత్తరం దస్త్రంలో ఉంటే, తర్వాత కోర్టులో దానికి విలువ ఉంటుంది. గడువు దాటాక వెయ్యిమంది ధర్నా చేసినా అంత విలువ ఉండదు. లేఅవుట్ నక్షా, గిఫ్ట్ డీడ్ ప్రతి కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. వార్డు సచివాలయంలో ప్రణాళిక కార్యదర్శి ఉంటారు. సోమవారాల్లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది.

మా అమ్మ కాలనీ నక్షా అలాగే సంపాదించాం. అయిదెకరాల లేఅవుట్, ఈశాన్యాన 2,420 గజాల పార్కు, గిఫ్ట్ డీడ్ నంబరుతో సహా. కాలనీలో నలుగురం టేపు పట్టుకుని కొలిస్తే నేల మీద 1,700 గజాలు తేలింది. మిగిలినది ఒక షెడ్డు కింద, ఒక ప్రహరీ లోపల ఉంది. సంబంధిత కార్యాలయంలో అర్జీ ఇచ్చాం. మొదటిసారి రసీదు కూడా ఇవ్వలేదు. మూడోసారి సర్వేయరు వచ్చి, గొలుసు లాగి, నాలుగు మూలలా రాళ్లు పాతించి వెళ్లారు. షెడ్డు ఇంకా తీయలేదు. ఇటుకలు మాత్రం ఎత్తేశారు. అమ్మ ఇప్పుడు సాయంత్రాలు ఆ మూడు రాళ్ల మధ్య తిరుగుతోంది. నాలుగో రాయి ప్రహరీకి అవతల ఉంది.